తెలుగులో సున్నా

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. మంచిర్యాల జిల్లాలో ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే 99! ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైనవాళ్ల పేపర్లు ఉచితంగా మళ్లీ చూడాలని సర్కారు చెప్పింది ఆ తర్వాతే. అప్పటిదాకా రీవెరిఫికేషన్‌కు పేపరుకు 600 రూపాయలు.

తెలుగు పాఠం చెప్పి బతికేదాన్ని, అడుగుతున్నా. చదువుకున్నోళ్ల ఇంట్లో మెమో మీద అనుమానమొస్తే బోర్డును నిలదీస్తారు. మా మామిడిపల్లిలో కూలికెళ్లే అమ్మ ఎవర్ని నిలదీయాలి? మెమోలో సున్నా ఉంటే బిడ్డే సున్నా అనుకుంటుంది. ఇంటిల్లిపాది ఆశను నెత్తినేసుకుని రాత్రిదాకా బట్టీ కొట్టిన పిల్లకు ఆ కాగితమే తీర్పు.

ప్రతి కాలేజీకి కౌన్సిలర్ కావాలి. రీవెరిఫికేషన్ ఎప్పుడూ ఉచితంగా ఉండాలి. అమ్మా, అయ్యా, మెమో చూసేముందు బిడ్డ మొహం చూడండి.

జై భీమ్.