జడ పోతే అందం పోతుందా?

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. మరి ఆ జుట్టే రోజురోజుకీ పలచబడుతున్న అమ్మ ఏం చేయాలి? ఒకప్పుడు చేతికి పట్టనంత జడ ఇప్పుడు చిటికెన వేలంత అయిందని అద్దం ముందు నిట్టూర్చే వాళ్ళు మనలో ఎంతమంది లేరు!

మా కాలనీలో ఒకావిడ ఉన్నారు. వయసు 58. షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి వచ్చినట్టే ఆవిడకూ భుజం బిగుసుకుపోయింది. చెయ్యి వెనక్కి పోదు, జడ వేసుకోలేరు. కోడలు పాశమైలారంలో కంపెనీ ఉద్యోగానికి పొద్దున్నే బస్సు ఎక్కాలి. ఒక పక్క టిఫిన్ డబ్బా సర్దుతూ ఇంకో పక్క అత్తగారికి జడ వేసి పరుగెడుతుంది.

"పిల్లను ఆగమాగం జేస్తున్న. గీ జడ దీపిచ్చేస్తే వాయె అనిపిస్తది. కని బొట్టు, గాజులున్నదాన్ని, పొట్టిగ కొట్టిచ్చుకుంటే నలుగురు ఏమనుకుంటరు?" అన్నారు ఒకరోజు.

మన భయమంతా ఆ ఒక్క మాటలో ఉంది కదూ! మొక్కుకుని తిరుపతిలోనో వేములవాడలోనో తలనీలాలు ఇచ్చి గుండుతో వస్తే ఎవరూ వేలెత్తి చూపరు. తర్వాత నాలుగు నెలలు పొట్టి జుట్టుతో తిరిగినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. అదే మన సౌకర్యం కోసం జానెడు కత్తిరిస్తే మాత్రం "ఈ వయసులో ఇదేం సోకు?" అంటారు. దేవుడికి సంతోషంగా ఇచ్చే జుట్టును, నొప్పి పెడుతున్న భుజం కోసం ఇస్తే తప్పేమిటి చెప్పండి?

పైగా పొట్టి జుట్టు మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన ఇందిరాగాంధీకి అప్పటికి 62 ఏళ్ళు. పొట్టి జుట్టు, అందులో ఒక తెల్ల పాయ, తలమీద చీర కొంగు. ఆవిడను చూసి ఎవరైనా హుందాతనం తగ్గిందన్నారా?

ముందు కారణం తెలుసుకోండి

రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజమే. నెలసరి ఆగిన తర్వాత హార్మోన్లు తగ్గి, వెంట్రుక సన్నబడుతుంది, పొడిబారుతుంది. అయితే కుచ్చులు కుచ్చులుగా ఊడినా, రూపాయి బిళ్ళంత మేర ఖాళీ అయినా కత్తెర దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో పరీక్ష చేయించుకోండి.

బోరునీళ్ళు వాడేవారికి ఇంకో తంటా. కఠినజలంలో సబ్బు సరిగా నురగ రాదు, ఆ జిడ్డు జుట్టుకు అంటుకుని పీచులా చేస్తుంది. తలంటు చివర్లో మంజీర నీళ్ళతోనో, ఫిల్టరు నీళ్ళతోనో కడగండి. పొడవు జడకు బకెట్ కావాలి, పొట్టి జుట్టుకు రెండు మగ్గులు చాలు. ఇదీ ఒక లాభమే!

మీ ముఖానికి ఏది నప్పుతుంది?

జుట్టంతా వెనక్కి లాగి కట్టి, అద్దానికి ఎదురుగా నిలబడండి. అద్దంలో కనిపించే మీ ముఖం చుట్టూ సబ్బుముక్కతో గీత గీయండి. ఆకారం తెలిసిపోతుంది.

గుండ్రటి ముఖమా? సరిగ్గా బుగ్గల దగ్గర ఆగే బాబ్ కట్ వద్దు, ముఖం ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది. గడ్డం కిందికి రెండంగుళాలు ఉంచి, పాపిడి పక్కకు తీయండి. నడినెత్తిన కాస్త ఎత్తు వచ్చేలా కత్తిరించమనండి.

కోల ముఖమా? గడ్డం వరకు ఉండే బాబ్ మీకోసమే. నుదుటిమీదికి పక్కగా వాలే కుచ్చు ఉంటే పొడవు తగ్గినట్టు కనిపిస్తుంది. నుదురు వెడల్పైనవారికీ ఇది బాగుంటుంది.

దవడలు వెడల్పా? అంచు గీత గీసినట్టు కాకుండా, ముఖం పక్కన మెత్తగా పడే లేయర్లు అడగండి.

మెడ పొట్టిగా ఉంటే వెనక జుట్టు కొంచెం తక్కువగా కత్తిరించాలి. గడ్డం కింద కండ వేలాడుతుంటే జుట్టు సరిగ్గా గడ్డం దగ్గర ఆగకూడదు, పైనో కిందో ఆగాలి. కళ్ళజోడు ఉన్నవారు పార్లర్‌కు దానితోనే వెళ్ళండి. ముందు కుచ్చు ఫ్రేముకు తగులుతుంటే రోజంతా చిరాకే.

జుట్టు బాగా పలచనైతే ఎక్కువ లేయర్లు వద్దు, కొసలు మరీ పలచగా కనిపిస్తాయి. కొసలన్నీ సమంగా ఉండే కట్ ఒత్తుగా చూపిస్తుంది. ఉంగరాల జుట్టు ఆరాక పైకి లేస్తుంది కనుక, అనుకున్నదానికన్నా ఒక అంగుళం ఎక్కువే ఉంచమనండి.

ఒక్కసారే వద్దు

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. జడ విప్పి, కొసల్ని లోపలికి మడిచి, చెవుల వెనక పిన్నులు పెట్టండి. పొట్టి జుట్టుతో మీరెలా ఉంటారో దాదాపుగా తెలుస్తుంది. రెండు రోజులు అలాగే ఇంట్లో తిరగండి. అద్దానికి మీరూ, మీకు ఇంట్లోవాళ్ళూ అలవాటవుతారు.

ఆ తర్వాత మొదటిసారి భుజాల వరకు, నెల తర్వాత మెడ వరకు, అప్పటికీ ఇష్టమైతేనే ఇంకా పొట్టిగా. జుట్టు నెలకు అరంగుళమే పెరుగుతుందని గుర్తుంచుకోండి. "మీకేది బాగుంటే అది చేయమ్మా" అని కుర్చీలో కళ్ళు మూసుకోకండి. ఎంత ఉంచాలో వేలితో చూపించండి. పొద్దున్నే డ్రయ్యరు పట్టుకునే తీరిక మీకు లేదని కూడా చెప్పండి. దువ్వితే చాలు, కుదురుగా కూర్చునే కట్ కావాలి మనకు.

కత్తిరించే ముందు జడకు రెండు వైపులా రబ్బరుబ్యాండ్లు వేయమనండి. ఆ జడ పారేయకండి, సవరం కట్టించుకోవచ్చు. జుట్టు మెడదాకా ఉంచుకున్నవారు పెళ్ళిళ్ళకు చిన్న పిలక కట్టి, సవరం కలిపి ముడి వేస్తే, పూలు పెట్టుకోవడానికీ లోటుండదు. మరీ పొట్టిగా ఉంటే చెవి వెనక క్లిప్పుకు నాలుగు మల్లెలు చాలు.

రంగు వేసుకునేవారు 48 గంటల ముందు మోచేతి మడతలో కాస్త రాసి చూసుకోండి. దురద, మంట వస్తే ఆ రంగు మీకు పడదు. ఏడెనిమిది వారాలకోసారి కొసలు సరిచేయించండి. ఇక మెడ బాగా కనిపిస్తుంది కనుక జాకెట్టు వెనక మెడ శుభ్రంగా కుట్టించుకోండి. నల్లపూసలూ చిన్న బుట్టలూ మునుపటికన్నా అందంగా కనిపిస్తాయి.

ఇంతకీ మా కాలనీ ఆవిడ ఏం చేశారంటారా? ముందు భర్తకు చెప్పారు. ఆయన పేపరు లోంచి తలెత్తకుండానే "నీ భుజం, నీ జుట్టు" అన్నారట. మూడు నెలల్లో మూడు విడతలుగా మెడదాకా తీయించుకున్నారు. కూరగాయల దగ్గర ఎవరో అడిగారు, "తిరపతి వోయొచ్చినవా వదినె?" అని. "లేదు, భుజం నొచ్చి కొట్టిచ్చుకున్న" అన్నారు ఆవిడ. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. బతుకమ్మకు చెవి పక్కన బంతిపువ్వు పెట్టుకుని అందరితో కలిసి ఆడారు కూడా.

ఇప్పుడు పొద్దున్నే తన తల తనే ఒంటిచేత్తో దువ్వుకుంటున్నారు. మిగిలిన ఆ పది నిమిషాల్లో అత్తాకోడళ్ళు కూర్చుని చాయ్ తాగుతున్నారు. భుజానికి వ్యాయామం మాత్రం మానకండని నేను పోరుతూనే ఉన్నాను.

జడ ఉంచుకోవాలనిపిస్తే హాయిగా ఉంచుకోండి. బరువైందనిపిస్తే మాత్రం నలుగురి కోసం మోయకండి. మీ తల దువ్వేది ఆ నలుగురు కాదు కదా!