పాఠపఠనము – రసపఠనము

కోలాచల మల్లినాథసూరి కిరాతార్జునీయమునకు రచించిన ఘంటాపథ వ్యాఖ్యారంభమున భారవి వాక్కును నారికేళఫలముతో పోల్చెను. దానిని తాను పగులగొట్టుచున్నాననియు, లోని సారమును రసికులు యథేచ్ఛగా ఆస్వాదింపవలెననియు చెప్పెను. పగులగొట్టుట పాఠము, ఆస్వాదించుట రసపఠనము. పగులగొట్టువాడే రుచి చూడకున్న నేమగును? ప్రాచ్యకళాశాలాధ్యాపకులము మన మందఱము వేసికొనవలసిన ప్రశ్న ఇది.

మల్లినాథుడు మనకు దూరపువాడు కాడు. ఆయన ఇంటిపేరునకు మూలమైన గ్రామము మెదకు సమీపమునందలి కొల్చారమే యని పరిశోధకులు గుర్తించిరి. 2016లో జిల్లాల విభజన జరుగువఱకు అది సంగారెడ్డి కేంద్రముగాగల మెదకు జిల్లాలోనిదే. నేడు పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వఱకు కర్మాగారములు వ్యాపించియున్నవి. అచ్చటి కార్మికుల బిడ్డలు మన తరగతులలో రఘువంశము చదువుచున్నారు. వారికి పరీక్షయు, ఉద్యోగమును ముఖ్యములు. అది దోషము కాదు. వారి నిమిత్తము మనము నిర్ణీత సర్గలనే మరల మరల చదువుటయు దోషము కాదు. అంతటితో మన పఠనము ముగియుటయే దోషము.

నా అనుభవ మొకటి చెప్పెదను. రఘువంశ ద్వితీయసర్గను పెక్కేండ్లు పాఠము చెప్పితిని. దిలీపుడు నందినిని నీడవలె అనుసరించుటను అన్వయ సమాసాలంకారములతో వివరించుటలో నాకు లోపము లేదని తలచితిని. ఒకనాడు పటాన్‌చెరు నుండి వచ్చు విద్యార్థి యొకడు, “గురువుగారూ, ఇటువంటి రాజుల వంశం చివరికి ఏమైంది?” అని యడిగెను. అగ్నివర్ణుని పేరు చెప్పి ఊరకుంటిని. పందొమ్మిదవ సర్గను అప్పటికి ఎన్నియో ఏండ్లుగా నేను తెఱచియుండలేదు. ఆ రాత్రి చదివితిని. దర్శనము కోరి వచ్చిన ప్రజలకు అగ్నివర్ణుడు గవాక్షమునుండి పాదము మాత్రమే చూపును. ఆవు నడచిన నడచి, నిలిచిన నిలిచిన దిలీపుని పాదములు అప్పుడు నాకు మరల కనబడినవి. మఱునాడు అదే ద్వితీయసర్గను వేఱు విధముగా చెప్పితిని. తరగతి కదలక వినెను.

మూలము లేనిది వ్రాయననియు, అనపేక్షితమును చెప్పననియు మల్లినాథుడు నియమము పెట్టుకొనెను. పాఠమునకు కావలసినంతయే చదువుటకు దీనిని ప్రమాణముగా కొందఱు తలతురు. అది పొరపాటు. ఏది అనపేక్షితమో తెలియుటకు దానిని ముందుగా చదివియుండవలెను గదా! మఱియొక వైపు, పదపదార్థముల కట్టుబాటు లేని రసపఠనము ఊహాగానమగును. పాణిని సూత్రమును, అమరకోశమును విడిచి పొందిన ఆనందము మనము కల్పించుకొన్నదే కాని కాళిదాసు ఇచ్చినది కాదు.

ఈ రెంటికిని పూర్వులు తావు లేర్పఱచిరి. మా పాఠశాలలో ప్రతిపత్తు, అష్టమి మొదలగు అనధ్యాయ దినములందు శాస్త్రపాఠము నిలిచెడిది. అట్టి దినములలో గురువుగారు వీథియరుగుపై కూర్చుండి తమకు నచ్చిన కావ్యమును చదువుకొనెడివారు. దరిజేరి మేము వినెడివారము. వారు మమ్మేమియు ప్రశ్నించెడివారు కారు. కావ్యమును ప్రేమించుట నేను ఆ యరుగుమీదనే నేర్చితిని.

కావున నా మనవి స్వల్పము. ప్రతి అధ్యాపకుడును పక్షమున కొక దినమైన, పాఠ్యప్రణాళికలో లేని సర్గ నొకదానిని కలము పట్టక చదువవలెను. కళాశాలలును వారమున కొక గంట అట్టి పఠనమునకు విడువవలెను. దానికి పరీక్ష యుండరాదు. సహాధ్యాపకులు ఆలోచింతురు గాక.