అడ్వాన్స్ మన ఆమ్‌దానీ కాదు

నేనుండేది ఆళ్లగడ్డలో. నంద్యాలలో ఉన్న ఫ్లాట్‌ను మొదటిసారి కిరాయికిస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయ్యింది, బదిలీపై వచ్చే ఉద్యోగులకు మకాన్లు కావాలి. "ఏ కులమోళ్ళకిమ్మంటావు భాయ్?" అన్నాడు బ్రోకర్. మా పేర్లు వినగానే "ఖాళీ లేదు" అన్న జవాబులు మాకు కొత్త కాదు. తాళంచెవి చేతికొచ్చిందని మనమూ అదే పని చేస్తే ఇన్సాఫ్ ఎక్కడిది? మాలిక్ అడగాల్సింది మజహబ్ కాదు. ఆధార్, ఉద్యోగం, రాతలో కిరాయినామా.

ఇక అడ్వాన్స్. అది అమానత్. 2021 కేంద్ర నమూనా అద్దె చట్టం నివాస ఇళ్ళకు రెండు నెలల కిరాయినే హద్దుగా పెట్టింది. సున్నాల పేరు చెప్పి దాన్ని మింగడం ఖయానత్. నిజంగా ఖర్చయితే రసీదులు చూపించి, మిగతాది ఖాళీ చేసిన రోజే చేతిలో పెట్టాలి.