ప్రాజెక్టు ఎవరిది?



ఈమధ్య మా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. "సార్, మొదటిసారి సైన్స్ సదస్సులో పోస్టర్ పెడుతున్నాను. మీరు తప్పకుండా రావాలి" అంది. వెళ్లాను.

హాలంతా వరసగా బోర్డులు, ఒక్కో పోస్టర్ పక్కన ఒక్కో విద్యార్థి. ప్రొఫెసర్లు ఒక్కొక్కరి దగ్గర ఆగి అడుగుతున్నారు. ఏ ప్రశ్న తీసుకున్నావు, ఎలా కొలిచావు, ఏం తేలింది? రెండు మూడు నిమిషాల్లో చెప్పాలి.

మా అమ్మాయిది కనిగిరి వైపు పల్లె. ఆ ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్యను వైద్యులు 1937లోనే గుర్తించారు. ఈమె తీసుకున్న ప్రశ్న చిన్నది: వానాకాలం తర్వాత బోర్లలో ఫ్లోరైడ్ తగ్గుతుందా? ఎనిమిది బోర్ల నీళ్లు ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి కొలిచింది. ఒక బోరులో తగ్గకపోగా పెరిగింది. "ఎందుకు?" అని అడిగారు ప్రొఫెసర్. "కారణం తెలియదు సార్. అనుమానం వచ్చి మళ్లీ నమూనా తెచ్చి కొలిచాను, అదే వచ్చింది" అంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పావుగంట మాట్లాడారు.

పక్క పోస్టర్ ఇంకా అందంగా ఉంది. "ఈ గ్రాఫ్ ఎలా వచ్చింది బాబూ?" అంటే ఆ అబ్బాయి తల దించుకున్నాడు. "సీనియర్ చేసిచ్చారు సార్" అన్నాడు.

ఆ అబ్బాయిని తప్పుపట్టబుద్ధి కాలేదు. ఆ అలవాటు మన దగ్గరే మొదలవుతుంది. సైన్స్ ఫెయిర్ ముందురోజు రాత్రి మన ఇళ్లలో జరిగేదేమిటి? షాపులో కొన్న మోడల్, నాన్న అంటించిన థర్మోకోల్, అమ్మ రాసిన చార్టు, బిడ్డ బట్టీపట్టిన నాలుగు వాక్యాలు. తప్పు మీది మాత్రమే కాదు. లైట్లు వెలిగే మోడల్‌కే బహుమతి ఇచ్చిన జడ్జీల్లో నేనూ ఉన్నాను.

"జేఈఈ, నీట్ ఉండగా ఇవన్నీ ఎక్కడ సార్?" అని మీరు అడగవచ్చు. ఆ పరీక్షలు ముఖ్యమే. కానీ వాటిలో ప్రతి ప్రశ్నకూ జవాబు ముందే ఉంటుంది. ఆ తర్వాతి చదువు అలా ఉండదు. 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల డిగ్రీలో పరిశోధనకు చోటిచ్చింది. ఐసర్ తిరుపతిలో బీఎస్-ఎంఎస్ చివరి ఏడాది పరిశోధనతోనే గడుస్తుంది. విశాఖపట్నంలో బడికెళ్లిన సి.వి. రామన్ 1906లో, 18 ఏళ్ల వయసులో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ విద్యార్థిగా ఉండగానే తొలి పరిశోధనా పత్రం ప్రచురించారు. కాలేజీ ల్యాబ్‌లో కంటబడిన కాంతి చారలను చూసి వదిలేయకపోవడమే దానికి మొదలు.

అందుకే ఈ ఏడాది ఒక విన్నపం. మోడల్ కొనకండి. మీ బిడ్డకు నిజంగా తెలుసుకోవాలనిపించిన ఒక్క ప్రశ్న తీసుకోనివ్వండి. మన కుళాయిలోంచి రోజుకు ఎన్ని చుక్కలు వృథా అవుతున్నాయన్నదైనా చాలు. నాలుగు శనివారాలు కొలిచి, నోట్‌బుక్‌లో రాసుకోనివ్వండి. కొట్టివేతలు ఉన్నా, అనుకున్నది రాకపోయినా దిద్దకండి. ఫెయిర్‌లో మేము కూడా మోడల్ కంటే ముందు ఆ నోట్‌బుక్ అడుగుతాం.

ఆరోజు ఆ అమ్మాయి వాళ్లమ్మ కూడా వచ్చింది. ఇంగ్లిష్ పోస్టర్ చదవలేక కూతుర్ని అడిగింది: "ఇంతకీ మన బోరు నీళ్లు తాగొచ్చా అమ్మా?"

"వద్దమ్మా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మనది దాటింది. రెండుసార్లు కొలిచాను."