సద్దికి పీట వెయ్యాలి

గురువారం తెల్లవారుజామున నాలుగు గంటలకు యాత్రికులు తుంగభద్ర స్నానానికి నడుస్తుంటారు. అదే వేళకు మంత్రాలయం టిఫిన్ హోటళ్లలో పిండి డ్రమ్ముల మూతలు లేస్తాయి. రాత్రి సగం దాకా పోసిన పిండి అంచుకు వచ్చి, నడుమ గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. మాస్టరు గరిటె దించగానే అది బుస్సున కుంగుతుంది. లోపల తేనెపట్టు లాంటి గదులు కనబడతాయి, పుల్లటి వాసన గుప్పుమంటుంది. వేలికొసతో కాస్త తీసి నాలుకకు రాసుకుంటాడు. సరిగ్గా ఉంటే ఇడ్లీ రేకులకు పోతుంది. ఒక పాలు ఎక్కువ పులిస్తే దోసె పెనానికి, గుంత పొంగణాలకు. కర్నూలు ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో పిండి రుబ్బే వేళ వెనక్కి జరుగుతుంది, గ్రైండర్లో ఐసు నీళ్లు పడతాయి. చలికాలం డ్రమ్ముకు గోనెపట్టా చుడతారు. వేలు, ముక్కు, నాలుకే ఇక్కడ కొలమానాలు.

ఆ డ్రమ్ములో పనిచేసే జీవుల్లో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడీస్ అనే బ్యాక్టీరియా. మినుములతోనే అది పిండిలోకి వస్తుంది. చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లాన్ని, బొగ్గుపులుసు గాలిని వదులుతుంది. ఆమ్లం పులుపునిస్తుంది. మినప్పప్పులోని జిగురు గాలిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. వంటసోడా వెయ్యకుండానే ఇడ్లీ దూదిలా రావడానికి కారణం అదే. క్రీ.శ. 920 ప్రాంతపు కన్నడ గ్రంథం ‘వడ్డారాధనె’లో ‘ఇడ్డలిగె’ కనిపిస్తుంది. అయితే పాత వర్ణనల్లోని ఇడ్డలిగెలో బియ్యం లేదని, పులియబెట్టిన జాడా లేదని ఆహార చరిత్రకారుడు కె.టి. అచయ ఎత్తి చూపారు. ఆ రెండూ తరువాత చేరినవే. నది దాటితే రాయచూరు జిల్లా. మంత్రాలయం ఇడ్లీకి రెండు భాషల్లోనూ చుట్టరికం ఉంది.

ఇడ్లీకి దక్కిన ఈ మర్యాద సీమలో పులిసే మిగతా తిండికి దక్కలేదు. రాత్రి మిగిలిన రాగి సంగటి ముద్దను నీళ్లలో వేసి, పొద్దున మజ్జిగ పోసి చేత్తో పిసికి, ఉప్పు వేసి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగడం కర్నూలు, కడప పల్లెల్లో తరాలుగా ఉన్నదే. దాన్ని సద్ది అంటారు. జొన్నపిండి కలిపి రాత్రంతా పులియనిచ్చి కాచే అంబలి ఉంది. మజ్జిగలో నాని, ఎండలో ఎండి, మళ్లీ మజ్జిగలో మునిగే ఊరమిరపకాయ ఉంది. చెనక్కాయల ఊరిబిండి పక్కన ఉంటే సద్దికి ఇంకేమీ అక్కర్లేదు. ఇంత రుచి ఉన్న తిండి ఊళ్లో ఏ హోటలు బోర్డు మీద కనబడుతుంది? ఇడ్లీ వార్చే మాస్టరు ఇంట్లో సద్ది తాగి పనికి వస్తాడు. తాను తాగినదాన్ని అమ్మకానికి పెట్టాలన్న ఆలోచనే రాదు. పెడితే నవ్వుతారని భయం.

రాగి సంగటి కథ గుర్తు చేసుకోవాలి. ఒకప్పుడు అదీ బీదవాళ్ల తిండే. ఇవాళ హైదరాబాదులో, బెంగళూరులో నాటుకోడి పులుసు పక్కన సంగటి ముద్ద లేని ఆంధ్ర హోటలు అరుదు. అయితే ఏసీ గదిలోకి వచ్చింది వేడి సంగటి మాత్రమే. దాని పొద్దుటి రూపం గడప బయటే ఉండిపోయింది. నిన్నటిది అన్న మాటే దానికి శాపమైంది. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చిన జాతి, పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కూర్చుని చల్దులు ఆరగించిన ఘట్టాన్ని తలుచుకుని మురిసిపోయే జాతి, ఆ చద్దినే అతిథి ముందు పెట్టడానికి సిగ్గుపడుతోంది. ఈ సిగ్గు పోవాలి.

పులిసినది అంటే మనసులో మెదిలే రెండో మాట మద్యం. దానికీ కారణం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాను తరిమారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా రద్దయింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ ఉద్యమం వెనక ఎన్ని ఇళ్ల కన్నీళ్లున్నాయో తెలిసినవారెవరూ తాగుడును తేలిగ్గా తీసుకోరు. కానీ సారా బట్టీలో కాచి దించేది. సద్ది, అంబలి కుండలో పులిసేవి. ఒక్క రాత్రి మజ్జిగతో పులిసిన అంబలి పులుపు లాక్టిక్ ఆమ్లానిది, అందులో మత్తు కోసం వెతకనక్కర్లేదు. దేశంలోని ఆహార భద్రతా నిబంధనలు కూడా 0.5 శాతానికి మించి ఆల్కహాలు ఉన్న పానీయాన్నే మద్యంగా లెక్కిస్తాయి.

ఈత కల్లు సంగతి వేరు. చెట్టు నుంచి దిగేటప్పుడు తియ్యగా ఉండే రసం, కుండలో ఉన్న ఈస్టు వల్ల కొన్ని గంటల్లోనే కల్లవుతుంది. ఇంకా వదిలేస్తే వెనిగరవుతుంది. పులియకుండా ఆపితే నీరా. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్డులో తెలంగాణ ప్రభుత్వం 2023 మే నెలలో నీరా కేఫ్ తెరిచింది. గీత కార్మికుడి చేతి రసానికి కుర్చీ, బల్ల, గాజు గ్లాసు దక్కాయి. కుటుంబాలు పిల్లలతో వచ్చి కూర్చునే చోటయింది. ఇది మంచి పని. ఒక్కటే లోటు: అక్కడ గౌరవం దక్కింది పులియనిదానికి. పులిసినదానికి, మత్తు లేని పులుపుకు, అలాంటి బల్ల ఇంకా పడాల్సి ఉంది.

పొరుగున ఒడిశా ఆ పని చేసి చూపింది. అక్కడి పఖాళ మన చద్దన్నమే. నీళ్లలో నాని, కాస్త పులిసిన అన్నం. ఏటా మార్చి 20న ‘పఖాళ దిబస’ జరుపుకుంటారు. భువనేశ్వర్ పెద్ద హోటళ్లు కూడా ఆ రోజు కంచు పళ్లెంలో పఖాళ, వేయించిన వడియాలు, కూరలు వడ్డిస్తాయి. పూరీ జగన్నాథుడి నైవేద్యాల్లో కూడా పఖాళ ఉంది. క్షేత్రమైన ఊళ్లో పులిసిన అన్నానికి చోటుండదనే వాదనకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

కొరియా ఇంకా ముందుకు వెళ్లింది. ఊరంతా కలిసి చలికాలానికి కిమ్చి పెట్టుకునే అలవాటును 2013లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కోపెన్‌హాగన్‌లోని నోమా రెస్టారెంటు పులియబెట్టడానికే ఒక ప్రయోగశాల పెట్టుకుంది, 2018లో దాని మీద పెద్ద పుస్తకం వేసింది. కూరగాయల బరువులో నూటికి రెండు పాళ్ల ఉప్పు వేసి గాలి తగలకుండా ఉంచడం ఆ తరహా వంటగదుల్లో మొదటి పాఠం. ఊరగాయ అనే మాటలోనే ఊరడం ఉన్న భాష మనది. ఆ పాఠం మన అవ్వలకు కొత్త కాదు.

ఇక మంత్రాలయానికి వద్దాం. ఇక్కడి రాఘవేంద్రస్వామి మఠం వంటశాలకు దాని మడి, దాని నియమాలు ఉన్నాయి, అవి అలాగే ఉండాలి. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసిన ఈ ఊరికి భక్తులు కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల నుంచి కూడా వస్తున్నారు. వారికి వీధి హోటళ్లలో దొరికేది ఏ ఊళ్లోనైనా దొరికే ఇడ్లీ, వడ, పూరీ. ఈ నేల రుచి తెలియకుండానే బస్సెక్కుతున్నారు. ఇలా ఊహించండి: మామూలు హోటలు, ముందు ఒక పొడవాటి బల్ల, బల్ల మీద కుండలు: ఒకదానిలో రాగి సద్ది, ఒకదానిలో జొన్న అంబలి, ఒకదానిలో అల్లం, కరివేపాకు వేసిన పులిసిన మజ్జిగ. పక్కన పెనం మీద ఎర్రకారం దోసె, గుంత పొంగణాలు. బార్ కౌంటరులా ఎదురుగా నిలబడి, ఏ కుండ ఎంత పులిసిందో అడిగి తాగే చోటు. ఎర్రగడ్డ, వెల్లుల్లి ముట్టని యాత్రికులు ఎక్కువ కాబట్టి వారికి ఊరమిరపకాయ, ఉసిరి ఊరగాయ ఇస్తే సరి. ఇందుకు మద్యం లైసెన్సు గొడవ లేదు, మఠానికి ఇబ్బంది లేదు.

చేసేవాళ్లకు జాగ్రత్త తప్పదు. వండిన అన్నాన్ని అలాగే వెచ్చగా వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి వాంతులు పట్టుకుంటాయి. అన్నమైనా సంగటైనా త్వరగా చల్లార్చి, మంచినీళ్లలో మజ్జిగ తోడుతో వెయ్యాలి, ఏ పూటకాపూట కుండ కడిగి ఎండబెట్టాలి. మధ్యాహ్నం దాటితే అమ్మకూడదు. ఇవి చాదస్తాలు కావు, ఈ తిండి పరువు నిలబెట్టే షరతులు. నాలుగు రోజుల పిండిని సోడాతో సర్ది ఇడ్లీ పేరిట అమ్మే చోట్ల పులుపుకు చెడ్డపేరు వచ్చింది.

రాగుల్లో ఇనుము ఉంది, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లమూ ఉంది. పులిస్తే ఆ ఆమ్లం తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. సద్ది దానికి మందు అనడం లేదు. మంచి అలవాటును సిగ్గుతో వదులుకోవద్దని మాత్రమే చెప్పడం. ఊరబెట్టడం రైతుకు చేసే మేలుకు టమోటా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ధర పడిపోయిన ఏడాది పత్తికొండ రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన దృశ్యాలు కర్నూలు జిల్లా చూస్తూనే ఉంది. ఉప్పు వేసి ఊరబెట్టిన టమోటా నెలల తరబడి నిలవ ఉంటుంది. దాన్ని కొనే హోటళ్లుంటే ఊరబెట్టే మహిళా సంఘాలు ముందుకొస్తాయి.

శ్రావణ బహుళ విదియకు గురువుగారి ఆరాధన. ఆ రోజుల్లో మంత్రాలయం వీధులు కిక్కిరిసి ఉంటాయి. ఆలోగా ఒక్క హోటలు యజమాని అయినా ధైర్యం చేసి, ఇడ్లీ, వడ, దోసె రాసిన బోర్డు మీద ఇంకో వరస రాయించాలి: సద్ది సంగటి, మజ్జిగ, ఊరమిరపకాయ, ఉదయం పది గంటల దాకా.