మంచు తవ్విన సరస్సు, మనిషి కట్టిన చెరువు

పిల్లలూ!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఏడో తరగతి చదివే చెల్లాయి ఒకామె మనకు ఉత్తరం వ్రాసింది. వాళ్ళ మామయ్య స్నేహితులతో కలిసి కాశ్మీరు కొండలలో నడిచి, సరస్సులూ, పూల పచ్చికలూ చూచి వచ్చాడట. "మన ఊళ్ళో అటువంటివి ఎందుకు లేవు?" అని ఆమె ప్రశ్న. సమాధానం కోసం ముందు మనస్సుతో కొండలెక్కి, తరువాత కాళ్ళతో మన ఊళ్ళోనే నడుద్దాం.

పైకి పోయినకొద్దీ చలి ఎక్కువవుతుంది. ప్రతి 1,000 మీటర్లకూ వేడి ఇంచుమించు 6 డిగ్రీలు తగ్గుతుంది. హిమాలయాలలో సుమారు 3,500 మీటర్లు దాటితే చెట్లు పెరగలేవు. గడ్డీ, పొట్టి పూలమొక్కలూ మాత్రం బ్రతుకుతవి. అవి చలికాలమంతా మంచు క్రింద నిద్రపోయి, మనకు వానలు కురిసే జూలై, ఆగస్టు నెలలలో ఒక్కసారిగా పూస్తవి. గఢ్వాలు ప్రజలు ఆ పచ్చికలను బుగ్యాల్ అంటారు.

మరి సరస్సులు? పూర్వం అక్కడ పేరుకున్న మంచు, తన బరువుకు తానే మెల్లగా జారుతూ, రాళ్ళను ఈడ్చుకుపోతూ, గరిటెతో తోడినట్లు కొండను తోడింది. మంచు కరిగిపోయాక ఆ గుంటలలో నీరు నిలిచింది.

ఇక మన సంగతి. మన హైదరాబాదు బండలు తక్కువవి కావు సుమా! వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు లేవటం మొదలుపెట్టి 5 కోట్ల సంవత్సరాలే అయింది. అయితే మన గుంటలు తవ్వటానికి ఇక్కడ మంచు లేదు. వాననీరు గట్టిబండలోకి ఇంకదు, పల్లానికి పారిపోతుంది. అందుకని మన పెద్దలు నీరు వచ్చి చేరే పల్లం చూచి, అడ్డంగా కట్ట వేశారు. అదే చెరువు! దిల్‌సుఖ్‌నగర్ ప్రక్కనే ఉన్న సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో ఏర్పడినది.

ఒక సెలవునాడు పదిమంది కలిసి, పెద్దవారిని వెంటబెట్టుకుని, ఆ చెరువుగట్టుకు పోండి. అందరికన్న మెల్లగా నడిచేవాణ్ణి ముందు నడవనివ్వండి. అప్పుడు ఎవరూ వెనకబడరు. గట్టు మీద నిలబడి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ నీరు ఎక్కడి నుంచి వస్తున్నది, నిండితే ఎక్కడికి పోవాలి?

ఈ ప్రశ్న చిన్నది కాదు. 2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసి, ఈ చెరువు పొంగి, చుట్టుప్రక్కల కాలనీలు నీట మునిగినవి. మీ అన్నలనూ, అక్కలనూ అడిగితే చెబుతారు. ఎగువ నుంచి వచ్చే నీరు చెరువులో చేరి, మిగిలినది కాలువ పట్టి మూసీకి పోవాలి. ఆ దారిలో మనం ఇళ్ళు కట్టి, చెత్త పోస్తే నీరు ఏం చేస్తుంది? మన గడప మీదుగా పోతుంది. మంచు తవ్విన సరస్సు వేల ఏళ్ళు తనంతట తాను ఉంటుంది. మనిషి కట్టిన చెరువును మనిషే కాపాడుకోవాలి.

పచ్చిక చూడాలంటే ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద కొద్ది దూరం పోవాలి. అక్కడ మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు అది నిజాము వేటమైదానం. మహావీరుని నిర్వాణానికి 2,500 ఏళ్ళు నిండిన సందర్భంలో, 1975లో దానికి ఆ పేరు పెట్టారు. ఊరు పెరిగి నాలుగు ప్రక్కలా కమ్ముకున్నా, అక్కడి గడ్డిలో కృష్ణజింకలు ఇంకా మేస్తున్నవి. మగదానికి మెలికలు తిరిగిన కొమ్ములుంటవి. ఈ జింకకు పొదలచాటు కన్న ఆరుబయలే ఇష్టం. దూరం నుంచే శత్రువును చూచి, పరుగెత్తి తప్పించుకుంటుంది. మైదానం పోతే జింకా పోతుంది. అందుచేత లోపల అనుమతి ఉన్న దారినే, సద్దు చేయకుండా నడవండి. పువ్వు కూడా కోయవద్దు.

పూలంటే గుర్తు వచ్చింది. వానకారు చివర మన బీళ్ళలో గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా పూస్తవి. వాటితోనే బతుకమ్మను పేరుస్తారు. ఆడిపాడి చివరకు ఎక్కడ వదులుతారు? చెరువులో! చూచారా, బీడు పూవు ఇస్తున్నది, చెరువు దాన్ని అందుకుంటున్నది. రెండింటిలో ఏది లేకపోయినా బతుకమ్మ లేదు.

కాబట్టి చెల్లాయీ, మన ఊళ్ళోనూ సరస్సూ ఉన్నది, పచ్చికా ఉన్నది. కాని అవి మనం ఉంచితేనే ఉంటవి.

పెద్దలకు ఒక్క మనవి: ఈ నెల ఒక ఉదయం పిల్లలతో గట్టు దాకా నడవండి. పిల్లలూ, మీ ఇంటి ముందు పడిన వాననీరు ఏ చెరువుకు చేరుతున్నదో కనుక్కుని మాకు వ్రాయండి!