పెళ్లి మనదిలా ఉండాలంటే ముందు స్టేజీ కాదు, నికానామా చూడాలి

రుఖాలో "నికా బాద్ నమాజె ఇషా" అని అచ్చు వేస్తారు. ఇషా చదువుకుని తొమ్మిదిన్నరకు హాలుకు వెళితే అక్కడ ఇంకా కుర్చీలు సర్దుతుంటారు. పదిన్నరకు బారాత్ వస్తుంది, పదకొండు దాటాక ఖాజీ సాబ్ రిజిస్టర్ తెరుస్తారు. దస్తర్‌ఖాన్ వేసేసరికి పన్నెండు. హైదరాబాద్ పెళ్లికి ఒక్కసారి వెళ్లినవాళ్లకైనా ఇది తెలిసిన కథే. ఈ మధ్య మా బంధువుల పెళ్లికి కర్నూలు నుంచి ఓ పెద్దాయన వచ్చారు. వధువుకు నానా వరస. ఆమె తల మీద చెయ్యి పెట్టి దువా చేయాలని ఎదురుచూసి, ఎదురుచూసి, చివరికి బస్సు టైమ్ అయిపోతోందని దువా చేయకుండానే వెళ్లిపోయారు. ఆ సమయంలో వధువు బ్యూటీ పార్లర్‌లో ఉంది. వరుడి ఎంట్రీ కోసం పొగ మిషన్ సిద్ధం చేస్తున్నారు.

"మా పెళ్లి మాలాగే ఉండాలి. పర్సనల్‌గా, స్టయిలిష్‌గా ఉండాలి" అని ఇవాళ్టి పిల్లలు అంటున్నారు. తప్పేం లేదు. కానీ ఆ మాట అన్నాక ఏం జరుగుతోంది? అందరూ అదే ఫోన్‌లో అవే రీల్స్ చూస్తున్నారు. అదే డెకరేటర్ అవే పూలు, అదే డ్రోన్, అదే ఎంట్రీ. వరంగల్‌లో, విజయవాడలో, కడపలో, టోలిచౌకిలో పెళ్లి వీడియోలు పక్కపక్కన పెట్టి పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో వాళ్ల ఇంట్లోవాళ్లే గుర్తుపట్టలేరు. లక్షలు పోసి కొనుక్కున్నది మనదైన పెళ్లి కాదు, అందరిదీ అయిన పెళ్లి.

లెక్క మారిపోయింది

ఇది అభిరుచికి సంబంధించిన విషయం మాత్రమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. కానీ దీని కింద ఒక లెక్క ఉంది.

తెలంగాణలో షాదీ ముబారక్ పథకం 2014 అక్టోబరు 2న మొదలైంది. మొదట 51,000 రూపాయలు ఇచ్చారు. 2017లో 75,116, 2018లో 1,00,116 చేశారు. 2018లో 10 గ్రాముల మేలిమి బంగారం 31 వేల చుట్టుపక్కల ఉండేది. అంటే ఆ చెక్కుతో మూడు తులాలు కొనవచ్చు. 2025లో అదే 10 గ్రాములు లక్ష దాటింది. చెక్కు మీద అంకె మారలేదు, దాని బలం మాత్రం తులానికి కూడా చాలనంత పడిపోయింది. 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ మైనారిటీ డిక్లరేషన్‌లో 1,60,000 ఇస్తామని హామీ ఇచ్చింది. ఆ మొత్తమే పూర్తిగా చేతికి వచ్చినా నేటి ధరకు ఒక ఇంటి పెళ్లి బంగారానికి సరిపోదు. పైగా చాలా ఇళ్లలో ఈ సాయం పెళ్లి అయిపోయాకే అందుతుంది. ముందు అప్పు, తర్వాత చెక్కు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరు 1 నుంచి షాదీ తోఫా కింద మైనారిటీలకు లక్ష రూపాయలు ప్రకటించినప్పుడు వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలని షరతు పెట్టారు. పథకం సంగతి అలా ఉంచినా, ఆ షరతులో ఒక మంచి ప్రశ్న ఉంది. పెళ్లికి దాచే డబ్బు ముందా, చదువుకు పెట్టే డబ్బు ముందా? ఇంటర్ తర్వాత అమ్మాయి చదువు ఆపించి ఆ డబ్బు షాదీకి జమ చేస్తున్న ఇళ్లు మన బస్తీల్లో ఎన్నున్నాయో మనకు తెలుసు.

సింపుల్ పెళ్లి కూడా షో అయిపోతే?

సాదా నికా కోసం పిలుపులు కొత్త కాదు. 'ఏక్ ఖానా, ఏక్ మీఠా' అన్న మాట హైదరాబాద్‌లో ఏళ్లుగా వింటున్నాం. 2021లో ఆల్ ఇండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు 'ఆసాన్ నికా' కోసం ప్రత్యేకంగా ప్రచారం నడిపింది. అంతకు ముందు ఏడాది కరోనా వచ్చి, పెళ్లికి 50 మందికి మించకూడదని కేంద్రం ఆదేశించినప్పుడు ఎన్నో నికాలు ఇంటి డాబా మీదే అయిపోయాయి. ఆ జంటలకు ఏం తక్కువైంది? ఏమీ కాలేదు. కానీ ఆంక్షలు పోగానే మనం మళ్లీ హాళ్లకు వెళ్లిపోయాం.

ఇప్పుడు మస్జిద్‌లో నికా పెరుగుతోంది, సంతోషం. కానీ లోపలి సంగతి కూడా మాట్లాడుకోవాలి. అసర్ తర్వాత మస్జిద్‌లో ఖర్చు లేకుండా నికా, అదే రాత్రి అమ్మాయి తండ్రి ఖర్చుతో 800 మందికి హాలులో డిన్నర్. ఇది సాదా పెళ్లి ఎలా అవుతుంది? వలీమా అబ్బాయి తరఫు బాధ్యత. అమ్మాయి ఇంటివాళ్లు ఊరంతటికీ విందు పెట్టాలని దీన్‌లో ఎక్కడా లేదు. జోడే కీ రఖం అడగలేదు అంటారు, 'మీ అమ్మాయికి మీ ఇష్టం' అంటారు. ఆ ఇష్టం కింద ఫర్నీచర్ లారీ వస్తుంది, బండి తాళం చెవి వస్తుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇచ్చినా, తీసుకున్నా కనీసం ఐదేళ్ల జైలు శిక్ష ఉంది. దానికి తోడు 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంత తగ్గకుండా జరిమానా. అదే చట్టం మెహర్‌ను కట్నం లెక్కలోంచి స్పష్టంగా మినహాయించింది. చట్టానికి తెలిసిన తేడా మనకు తెలియకపోతే ఎలా?

అందరికన్నా పర్సనల్ కాగితం

పెళ్లిలో ఆ ఇద్దరి పేర్లతో, ఆ ఇద్దరి కోసమే రాసే కాగితం ఒక్కటే. అది నికానామా. మెహందీ డిజైన్ ఎంచుకోవడానికి మూడు రోజులు పడుతుంది, నికానామా మీద సంతకానికి మూడు నిమిషాలు. చాలామంది అమ్మాయిలకు అందులో ఏముందో తెలియదు. మన తెలుగు ఇళ్లలో అయితే ఇంకో కష్టం. ఉర్దూ మాట్లాడినా చదవడం రానివాళ్లు ఎక్కువ. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో కొన్ని ఇళ్లలో ఇంటి భాషే తెలుగు. వకీల్, గవాహులు వచ్చి గబగబా ఉర్దూలో అడిగితే అమ్మాయి తల ఊపుతుంది. ఏ మాటకు ఊపిందో ఆమెకు పూర్తిగా తెలిసిందా?

పెళ్లిని మనదిగా చేసుకోవడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. నికాకు రెండు వారాల ముందే ఖాజీ సాబ్ దగ్గర ఫారం తెచ్చుకుని, తెలుగులో అర్థం రాయించుకుని, ఇద్దరూ వాళ్లవాళ్ల ఇళ్లలో కూర్చుని చదవాలి. మూడు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది మెహర్. సూరా నిసా నాలుగో ఆయత్ దీన్ని స్త్రీకి సంతోషంగా ఇవ్వాల్సిన హక్కుగా చెప్పింది. మన దగ్గర పాత కుటుంబాల్లో రూపాయలతో పాటు 'దీనారె సుర్ఖ్' అని రాయిస్తారు. అది ఎంత బంగారమో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. ఇచ్చేవాళ్లు ఇంకా తక్కువ, 'మాఫ్ చేయించుకోవడమే' అలవాటు. దానికి బదులు వధువునే అడగండి. ఒకరికి బంగారం కావాలి, ఒకరికి బీఈడీ ఫీజు కావాలి, ఇంకొకరికి కుట్టు మిషన్లతో చిన్న షాపు కావాలి. అబ్బాయి స్తోమతు చూసుకుని, అదే మజ్లిస్‌లో చేతికి ఇచ్చేలా పెట్టుకోండి. స్టేజీ మీద వేసే దండ కన్నా ఇది గుర్తుండిపోతుంది.

రెండోది షరతులు. చదువు కొనసాగించడం, ఉద్యోగం, ఎక్కడ కాపురం ఉండాలి అన్నవి నికానామాలో రాసుకోవచ్చు. భార్యకు తలాక్ అధికారం అప్పగించే తఫ్వీజ్ కూడా మన ఫిఖ్‌లో ఉన్నదే, మన దేశ కోర్టులు గుర్తించినదే. 'పెళ్లి రోజే అపశకునం మాటలు ఎందుకు' అని పెద్దలు అంటారు. కానీ తర్వాత పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కేటప్పుడు చేతిలో ఏ కాగితమూ లేకపోవడం కన్నా ఇది మేలు కాదా?

మూడోది కానుకల జాబితా. వధూవరులకు వచ్చిన కానుకలను రాసి సంతకాలతో ఉంచుకోవాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఒక నోట్‌బుక్ చాలు. రేపు ఎవరి మధ్యా మాట తేడా రాదు.

ఇక అందం సంగతి

ఇంత చెప్పాక పెళ్లి కళ లేకుండా చేసుకోమని కాదు. సంతోషానికి, సోకుకు దీన్ అడ్డు చెప్పలేదు, దుబారాకు చెప్పింది. పైగా స్టయిల్‌కు కావలసినవన్నీ మన చుట్టూనే ఉన్నాయి.

టైమ్ మార్చండి. జుమా తర్వాతో, అసర్ తర్వాతో నికా పెట్టుకుంటే సగం లైటింగ్ ఖర్చు పోతుంది. ఎండపొద్దున వచ్చే ఫోటో అందం ఏ ఎల్‌ఈడీ గోడకూ రాదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, ఊళ్లకు వెళ్లాల్సినవాళ్లు అందరూ ఉంటారు. రాయలసీమలో పొద్దున నికా పెట్టుకుని వేడివేడి ఉగ్గాని, బజ్జీ పెడితే వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

రుఖా తెలుగులో కూడా వేయండి. ఇల్లు తెలుగు మాట్లాడితే కార్డు ఇంగ్లీషులో మాత్రమే ఎందుకు ఉండాలి? ఒక వైపు ఉర్దూ, ఒక వైపు తెలుగు. లోపల నికా ఖుత్బా సారాంశం నాలుగు వాక్యాల్లో రాస్తే, పక్కింటి రామయ్యగారికీ మన పిల్లలకూ అక్కడ ఏం జరుగుతోందో అర్థమవుతుంది. మచిలీపట్నం, పెడన కలంకారీ అచ్చుల మీద ఆ పూలు, తీగలు గోల్కొండ సుల్తానుల కాలం నుంచి పర్షియన్ అభిరుచితో వచ్చినవే. కార్డు మీదో, దస్తర్‌ఖాన్ అంచు మీదో ఆ అచ్చు వేయించుకుంటే అది మన చరిత్ర కూడా.

బట్టలు. నానీ ఖడా దుపట్టా పెట్టెలో ఉంటే దాన్ని బయటికి తీయండి. కార్చోబీ పని చేసే దర్జీ దగ్గర అంచు మార్పించి, చిరుగులు సరిచేయించి కట్టుకుంటే, అలాంటిది ఇంకొకరి దగ్గర ఉండదు. పర్సనల్ అంటే అదే కదా. వెంకటగిరి, గద్వాల, ధర్మవరం నేత మన పక్కనే ఉంది. అబ్బాయికి ఒక్క రాత్రి కోసం భారీ షేర్వాణీ బదులు పోచంపల్లి గుడ్డతో సాదా షేర్వాణీ కుట్టిస్తే ఈద్‌కీ వేసుకోవచ్చు. 2024లో జీఐ గుర్తింపు వచ్చిన లాడ్ బజార్ లక్క గాజులు ఎలాగూ ఉండనే ఉన్నాయి.

తిండి. పదిహేను ఐటమ్‌లలో ఏ ఒక్కటీ గుర్తుండదు. బాగా చేసిన బిర్యానీ, దాల్చా, ఒక మీఠా చాలు. ఖుబానీ కా మీఠా బదులు కోనసీమ వైపు వాళ్లు ఆత్రేయపురం పూతరేకులు, కృష్ణా వైపు వాళ్లు బందరు లడ్డూ పెడితే ఊరి పేరు కూడా నిలబడుతుంది. శాకాహారం తినే మిత్రులకు విడిగా, గౌరవంగా వండించండి. మిగిలినది ఎవరికి పంపాలో ముందే అనుకోండి.

"మరి మర్ఫావాళ్లు, వంటమాస్టర్లు, దర్జీలు ఏం తినాలి?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. వాళ్ల బతుకు మీద కొట్టమని ఎవరూ అనడం లేదు. ఖర్చు తగ్గాల్సింది అద్దె స్టేజీల మీద, పొగ మిషన్ల మీద. దర్జీకి, నేతగాడికి, గాజుల కార్ఖానాకు వెళ్లే రూపాయి మన ఊళ్లోనే తిరుగుతుంది. మిగిలింది అమ్మాయి మెహర్‌గా, చదువుగా నిలుస్తుంది.

ఎవరు మొదలుపెట్టాలి?

"ఒక్కగానొక్క పిల్ల. నలుగురూ ఏమనుకుంటారు?" అని అమ్మీ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆమె బాధ నిజమే. తక్కువ చేస్తే కూతురికి అత్తగారింట్లో మాట పడుతుందేమో అన్న భయం అది. అందుకే ఈ మార్పు అమ్మాయి తండ్రి నుంచి కాదు, అబ్బాయి ఇంటి నుంచి రావాలి. మంగ్నీ రోజునే అబ్బాయి తండ్రి పది మందిలో లేచి "మీ వైపు నుంచి డిన్నర్ వద్దు, సామాను వద్దు. నికా అసర్‌కు, వలీమా మాది" అని ఒక్క మాట అంటే చాలు. అమ్మాయి తండ్రి భుజం మీద బరువు ఆ క్షణమే దిగిపోతుంది. ఆ మాట అబ్బాయే తన నోటితో అంటే ఇంకా అందంగా ఉంటుంది. అంతకన్నా స్టయిలిష్ ఎంట్రీ ఏ డెకరేటరూ ఇవ్వలేడు.

ఈ ఏడాది మీ ఇంట్లో పెళ్లి ఉంటే హాలు అడ్వాన్స్ ఇవ్వకముందే నికానామా ఫారం ఒకటి ఇంటికి తెచ్చుకోండి. ముందు దాన్ని చదవండి, తర్వాత పూల రంగు గురించి మాట్లాడుకోవచ్చు. కర్నూలు నుంచి వచ్చే నానా కూడా తీరిగ్గా దువా చేసి, భోంచేసి, బస్సు అందుకుంటారు.